నిండిన మడికి నీళ్లు

నరసాపురంలో ఐసు ఫ్యాక్టరీ మేడ మీద
మా ప్రాక్టీసు గది.
కింద కంప్రెసర్ అందుకోగానే
పైన నా యాంపులో వాల్వులు
ఒక్క క్షణం కునికి
మళ్లీ కళ్లు తెరుస్తాయి.

వంద వాట్ల పెట్టె అది.
కొచ్చిన్‌లో ఓడ మీద వాయించే పార్టీ ఒకటి విడిపోతే
రెండు చీటీలు పాడి తెచ్చుకున్నాను.
గెయిన్ ఎనిమిది మీద పెడితే
తీగ ముట్టకముందే బుస కొడుతుంది.
ఆ బుస కోసమే కొన్నాను, దాపరికం ఎందుకు.

సోలో వచ్చింది.
కుడికాలి బొటనవేలితో బూస్టు నొక్కాను.
పచ్చ దీపం వెలిగింది.
శబ్దం లావెక్కింది గాని
పొడుగెక్కలేదు.
ముదురు పాకంలా సాగీ సాగీ
ప్రసంగి కీబోర్డు కిందా
అబ్బులు కొట్టే పళ్లేల కిందా
ఎక్కడో మునిగిపోయింది.
నాబు చివరికంటా తిప్పాను.
ఇంకో బూస్టు కొన్నాను, దాని వెనకాల ఇంకోటి.
రత్నకుమారి మైకు చేత్తో మూసి అడిగింది:
"ఇంతకీ మొదలెట్టావా?"

దేవవరం గారు రేడియోల కాలం మనిషి.
ట్రాన్సిస్టర్ని ఇప్పటికీ కుర్రకుంక అంటారు.
వాళ్ల నాన్న లాకుల దగ్గర లస్కరు.
వాల్వు మార్చడానికి వచ్చి
టంకం కడ్డీ చల్లారేదాకా విని
బీడీ చెవి మీద పెట్టుకుని అన్నారు:

"నిండిన మడికి ఇంకా నీళ్లు పెడితే
మడి ఎత్తవుద్దా బాబూ?
గట్టు మీంచి పొర్లుద్ది, అంతే.
నీ మొదటి వాల్వు పీకల్దాకా తాగి కూచుంది.
నువ్వింకా పోస్తున్నావు.
మా నాన్నయితే పై తూము ముట్టుకునేవోడు కాదు.
దిగువ తలుపు రెండు పళ్లు ఎత్తేవోడు.
అప్పుడెక్కేది శివారు చేలోకి నీరు."

యాంపుని గోడ నుంచి ఇవతలికి లాగారు.
ఏడేళ్లుగా నేను చూడని వీపు.
దుమ్ము, బల్లి గుడ్డు పెంకులు,
రెండు కన్నాలు: సెండ్, రిటర్న్.
ముందున్న బూస్టు పీకి
ఆ రెంటి మధ్య కట్టారు.
"గరుకంతా ఇక్కడికి తయారైపోయి వస్తది.
ఇప్పుడు పెంచు. మాస్టర్ మూడు మీదేగా ఉంది,
పైన బోలెడు జాగా.
ఆ ఎనిమిది ఆరుకి దించు."
దించాను.
మీసం సగం గీయించుకున్నట్టుంది.

శనివారం పేరుపాలెం దారిలో
రొయ్యల చెరువుల పక్కన రిసెప్షను.
చీకట్లో ఏరియేటర్లన్నీ నీళ్లు చిలుకుతున్నాయి,
ఊరి కరెంటంతా వాటి రెక్కల కిందే.
ఓల్టేజి నూట ఎనభై.
స్టేజి వెనక నులకమంచం మీద
స్టెబిలైజరు పడుకోబెట్టి
దాని తల దగ్గర దేవవరం గారు,
జ్వరం బిడ్డ దగ్గర కూచున్నట్టు.

రెండో చరణం దాటింది.
నొక్కాను.

అదే గరుకు. అదే బుస.
కాని నడి గోదాట్లో ఉన్న పంటు
ఒక్క ఊపులో రేవుకి ఆనుకున్నట్టు
నా గిటారు జనం ముందుకొచ్చి నిలబడింది.
చేతులు కడుక్కుంటున్న పెద్దాయన
కుళాయి కట్టెయ్యకుండా ఇటు తిరిగాడు.
ప్రసంగి నావైపు చూసి
కీబోర్డు మీంచి ఓ చెయ్యి తీసేశాడు.
చూపుడువేలు పదిహేనో మెట్టు మీద
తీగని పైకి తోసి అట్టే పట్టుకున్నాను.
ఎంతసేపో తెలీదు.
చెరువు అవతలి గట్టున కుక్క ఒకటి
సమాధానం చెప్పిందని అబ్బులు తర్వాత ప్రమాణం చేశాడు.

సోలో అయిపోయింది.
చరణం మొదలైంది.
నా కాలు లేవలేదు.
లేవదనే అనుకుంటాను, ఆ రాత్రి.

రత్నకుమారి పాడుతూ పాడుతూ
నాకేసి చూడకుండానే
చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి
చెప్పు కొనతో టక్కున నొక్కింది.
పచ్చ దీపం ఆరింది.

వెనకాల నులకమంచం కిర్రుమంది.
బీడీ వాసన వచ్చింది.