రెండు రూపాయి బిళ్ళల ఎత్తు

ఎర్రగుంట్ల జంక్షన్ దాటినాక
పాలిషు ఫ్యాక్టరీల బురద ఎండిన రోడ్డు పక్కన
నాది ఉగ్గాని అంగడి.
తెల్లారుజామున నాలుగింటికి
పది కేజీల ఎర్రగడ్డలు నా ముందర కుప్ప.
లైటేసి మొదట చూసేది వాటిని కాదు,
కత్తిని.

మాది కడప జిల్లా అంటే
రైల్లో ఎదురు సీటాయన "ఓహో, కత్తులా" అని నవ్వినాడు ఒకసారి.
ఉన్నాయన్నా, మా ఇంట్లో మూడు.
ఒకటి కొబ్బరికి,
ఒకటి గోగాకు కట్టలకు,
ఒకటి నాకు.

నాకున్నది మా అత్త ఓబుళమ్మ కత్తి.
లారీ కమాను పట్టీ తెగ్గొట్టి
చిలంకూరు కమ్మరితో చేయించుకుందంట.
అప్పుడు తమలపాకంత వెడల్పు.
ఇప్పుడు చింతకాయంత.

నూరే రాయి కొన్నది కాదు.
మా ఆయన బండలకు పాలిషు పట్టే కాలంలో
పగిలిన చెక్క ఒకటి క్యారియర్ సంచిలో పెట్టుకొని తెచ్చినాడు.
మేస్త్రీ చూసి ఊరుకున్నాడట,
పగిలిందానికి లెక్క రాయరు గదా.
నల్లది. నీళ్ళు చల్లితే మబ్బు పట్టినట్టుంటాది.

కొత్తగా పనిలో చేరిన నాగవేణికి చెప్తా:
ముందు తడుపు. పొడి రాయి కత్తిని తింటాది.
వెన్ను కింద రెండు రూపాయి బిళ్ళలు పట్టేంత ఎత్తు,
మూడో బిళ్ళ వద్దు.
తోసేటప్పుడు చేతి బరువు, లాగేటప్పుడు ఊపిరి బరువు.
చెవి పెట్టు. గరగర అంటే ఇంకా మొండి.
చేటలో బియ్యం జారినట్టు వినపడితే చాలు.
వేలితో చూడొద్దు,
టమేటా తోలు చెప్తాది.

ఆ పిల్ల ఎడమ చూపుడు వేలికి గుడ్డ.
వాళ్ళింట్లో మొండి కత్తితో వంకాయ కోసిందంట.
పదునుది అడిగిన చోట తెగుతాది,
మొండిది జారి, దొరికిన చోట.

శనివారం శనివారం దస్తగిరి తాత వచ్చేవాడు.
సైకిలుకు స్టాండేసి, సీటెక్కి తొక్కితే
సానచక్రం తిరిగేది, సైకిలు మాత్రం యాడికీ పొయ్యేది కాదు.
రవ్వలు చూసేదానికి బడి పిల్లోళ్ళ గుంపు.
పోయిన ఏడు నా కత్తిని
ఎండకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి, చానాసేపు చూసి
చక్రానికి ఆనించకుండానే తిరిగిచ్చినాడు.
"దీనికింక చక్రం వద్దు తల్లీ, ఓర్చుకోదు.
రాయి మీద నువ్వే నూరుకో. అది గూడా వారానికొక తూరి."
డబ్బులిస్తే తీసుకోలేదు.
ఉగ్గాని తిన్నాడు, బజ్జీలు రెండు.
మళ్ళీ రాలేదు.
నేను ఎవురినీ అడగలేదు.

అప్పట్నుంచి
నిమ్మకాయ కోస్తే వెంటనే కడుగుతా, నల్లమచ్చ పడకుండా.
గిన్నెల కింద పడెయ్యను.
తుప్పు చుక్క కనపడితే చింతపండు, బూడిద.
రాత్రికి ఒక్క చుక్క ఆముదం, పాత లుంగీ గుడ్డ.
వారం నడుమ పదును మందగిస్తే
ఊరగాయ జాడీ బోర్లించి
అడుగున నునుపు లేని అంచు మీద
నాలుగు సార్లు అట్లా, నాలుగు సార్లు ఇట్లా.

మొన్న ఆసుపత్రిలో సిస్టరమ్మ
నా రక్తంలో ఇనుము తక్కువని మాత్రలిచ్చింది.
నవ్వొచ్చింది నాకు.
తమలపాకు నుంచి చింతకాయ దాకా
అరిగిన ఇనుమంతా యాడికి పోయినట్టు?
ఎర్రగడ్డల్లోకి, ఉగ్గానిలోకి,
సిమెంటు లారీ డ్రైవర్లలోకి,
మా అత్తలోకి, ఆమె పోయినాక నాలోకి.
రాయి నడుమ గుంత పడింది,
దోసిలంత.
ఆ రాయి గూడా తిన్నట్టే.
మా ఆయన దగ్గుతో లేచి కూచునే రాత్రుళ్ళు
ఎవురం ఎంత తిన్నామో
లెక్క తెలుస్తాది.

నాగవేణి నూరుతాంది.
గరగర.
ఎత్తు తగ్గించు, అంటా చూడకుండానే.
ఇంకా.
ఆ. అదీ.

ప్రొద్దుటూరు మొదటి బస్సు హారన్ కొట్టింది.
ఎర్రగడ్డలు ఇంకా తొమ్మిది కేజీలున్నాయి.