ఐదు ముడుల తాడు

జుజునా దగ్గర లైట్ మీటరు లేదు.
ఒకప్పుడు ఉండేదట, రియోని నదిలో జారిపోయిందట.
"ఇప్పుడు చేపలకు ఎక్స్‌పోజర్ బాగా కుదురుతోంది" అనేది.
ఆమెకు ఉన్నదల్లా ఒక ఎర్ర ఉన్ని తాడు,
దానికి ఐదు ముడులు.

కుతైసీలో నా మొదటి పెళ్ళి.
తాడు ఒక కొస నా బెల్టుకు కట్టి
రెండో కొసతో పెళ్ళికూతురి దాకా నడిచింది
దర్జీ కొలత తీసినట్టు, ముఖంలో నవ్వు లేకుండా.
"రెండు మీటర్ల ముడికి పదహారు. నాలుగుకు ఎనిమిది.
ఎనిమిదికి నాలుగు. హెచ్చవేసి చూడు, వాఖో,
ఎటు తిప్పినా ముప్పై రెండే.
షట్టరు ముప్పయ్యో వంతు దాటిందా,
సగం పెళ్ళి తెర వెనకే ఉండిపోతుంది.
ఏ సగమో నీ అదృష్టం."

ఫ్లాష్ సన్నగా కూసేది, దోమ గొంతుతో.
కూత ఆగి ఎర్రదీపం వెలగ్గానే నా వేలు ఉరికేది.
ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చేది:
"లోబియో కుండ పొంగగానే దించేస్తామా?
దీపం వెలిగాక ఇంకా రెండు ఊపిర్లు."

ఎందుకో చాలా ఏళ్ళకు చెప్పింది.
త్కిబులి గని మనిషి అకాకీ
కొమ్ము నిండా వైన్ పట్టుకుని లేచాడు, ఏదో అనబోతూ.
దీపం వెలిగింది. నొక్కేసింది.
నెగటివ్ ఉల్లిపొర.
మరుసటి వారం అకాకీ లేడు.
మూడు రాత్రులు గట్టి కాగితం మీద తోమి తోమి ప్రింటు వేస్తే
కొమ్ము అంచూ ఒక కనుబొమ్మా తేలాయి.
అతని భార్య త్సియాలా ఏమీ అనలేదు,
డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, ఫోటో తీసుకుని వెళ్ళింది.
ఆ రూబుళ్ళు ఇప్పుడు ఎక్కడా చెల్లవు.
కెమెరా సంచి అరలో ఇంకా ఉన్నాయి.

నా డిజిటల్ కెమెరా తానే లెక్క కడుతుంది.
తెల్లగౌను చూస్తే జడిసి వెలుగు బిగబడుతుంది,
పెళ్ళికూతురి ముఖం మసి.
నల్ల చోఖా చూస్తే చేతికి ఎముక ఉండదు,
పెళ్ళికొడుకు ముఖం సున్నం.
ఫిల్ము కాస్త ఎక్కువైనా కడుపులో దాచుకునేది,
ఇది తెల్లగా కాలిందంటే బూడిదైనా మిగలదు.
వెనకున్న తెర మాత్రం చీకట్లో అన్నిటినీ మెచ్చుకుంటుంది,
బంధువులలాగా.

మొన్న జుజునాకు ఎనభై రెండు.
వైన్ జాడీలు పాతిన గదిలో కూర్చోబెట్టాను.
నల్లశాలువా, పొగలాంటి తెల్లజుట్టు.
మొదటి ఫోటోలో జుట్టు లేదు, మెరుపు ఉంది.
ఆటో ఆపేశాను. తాడు అడిగాను.
కొస తన మెడ దగ్గర పట్టుకుని
వేళ్ళతో ముడిని తడిమింది.
"ఎనిమిది కాదు," అంది.
"ఉన్ని సాగుతుందిరా. నలభై ఏళ్ళు లాగావు, లాగాను.
ఇది ఇప్పుడు నాలుగు మీటర్ల పైచిలుకు.
అర స్టాపు తెరువు."

తెరిస్తే జుట్టు మళ్ళీ కాలుతుందేమో.
తెరకేసి చూడబోయాను, దగ్గింది. తెరిచాను.

దీపం వెలిగింది.
రెండు ఊపిర్లు ఆగాను.
నావి కాదు, ఆమెవి.
చాలాసేపు పట్టింది.