ఎడమ కన్ను

నాకు ఎడమ కన్ను ఒక్కటే మూయడం రాదు.
నలభై మూడేళ్లకి తెలిసిన సంగతి ఇది.
మూస్తే రెండూ మూతపడతాయి,
ఒకటి లేకుండా ఒకటి బడికి పోని కవలల్లా.

ఎరియర్స్ డబ్బులొస్తే ఇంట్లో గ్రైండర్ అన్నారు.
నేను కోఠీ పోయి, గుజరాతీ గల్లీలో
ఎవరో వాడిన కెమెరా కొన్నాను.
అజ్మత్ సాబ్ నవ్వాడు:
"ఫికర్ నక్కో కరో, కండక్టరమ్మా.
లెన్స్ తిప్పుడు మన చేతిల ఉంటది.
రెప్ప మాత్రం దాని ఇష్టమున్నప్పుడే నేర్చుకుంటది."

అప్పటిదాకా అరచెయ్యే అడ్డం.
ఒక చేత్తో కన్ను మూసుకుని
ఇంకో చేత్తో కిలో బరువు మోస్తూ
మెహిదీపట్నం డిపో గోడ మీది పిల్లిని తీశాను.
పిల్లి రాలేదు. తోక వచ్చింది,
అదీ రెండు తోకలుగా.

కుడి భుజం మీద
పందొమ్మిదేళ్ల టికెట్ సంచీ తవ్విన గాడి ఉంది.
కెమెరా పట్టీ అందులో ఒదుగుతుందనుకున్నా.
ఒదగలేదు. మెడ మీదుగా సొంత దారి వేసుకుని
ఆ దారి పొడుగునా చెమటకాయలు నాటింది.
వెనక తెర మీద ప్రతిసారీ నా ముక్కు నిశానీ.
కళ్లజోడు తీస్తే లోకం మసక,
పెట్టుకుంటే అద్దానికి అద్దం గీరుకుంటుంది.
ఊపిరి బిగబట్టమన్నాడు సాబ్.
బిగబడితే, నొక్కేలోపే దగ్గు.
కిక్కిరిసిన బండిలో ఇటు చివరనుంచి అటు చివరకు
రోజంతా నడిచే కాళ్లు ఇవి,
గొంతుక్కూర్చుంటే మాత్రం ఏడుస్తాయి.

సెలవు రోజు, తెల్లారుజామున నాలుగున్నర.
గుడిమల్కాపూర్ పూల మార్కెట్.
నేలంతా తడి, తెగిన కాడలు.
మోకాలు ఆనిస్తే
ఆ చల్లదనం సల్వార్ దాటి ఎముకలోకి ఎక్కింది.
బంతిపూల గుట్ట వెనక బాలనర్సవ్వ
బల్బు కేసి సూది ఎత్తి
దారం ఎక్కిస్తోంది,
ఎడమ కన్ను మూసి,
తలుపు ఓరగా వేసినంత తేలిగ్గా.

నేను కెమెరా దించేశాను.
"అవ్వా, అదెట్ల మూస్తవ్?"
"ఏది?"
"ఆ కన్ను."
పొద్దున్నే తాగొచ్చిందా ఏంది అన్నట్టు చూసింది.
"మూసుడేంది బిడ్డా.
సూదిబెజ్జం చిన్నగుంటది గద.
పాణమంత దాని మీద వెడితె
పనిలేని కన్ను దానంతటదే పంటది."

సూది నా చేతిలో పెట్టింది.
ఆరుసార్లు దారం పక్కకే పోయింది.
కొస తడిపి, మెలిపెట్టి, ఏడోసారి
బెజ్జం తప్ప ఏమీ లేదు,
హమాలీల కేకల్లేవు, మెడ మంట లేదు.
ఎక్కింది.
బుగ్గ ఎందుకో బిగుసుకుని ఉంది.
తడిమి చూసుకుంటే
కన్ను మూసి ఉంది.

తర్వాత తీసిన ఫొటోలో
సూది మసక. దారం మసక. వేళ్లూ అంతే.
అవ్వ మూసిన రెప్ప మీది ముడతలు మాత్రం
ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.
అజ్మత్ సాబ్ చూసి, ఫోకస్ తప్పింది అన్నాడు.
ఇంకోసారి చూసి, ఉండనీ అన్నాడు.

ఇప్పుడు కొత్త నొప్పి, ఎడమ చెంపలో.
నిన్న సాయంత్రం బండి నిండా జనం.
చిల్లర కోసం సంచీలో తడుముతుంటే
కన్ను తనంతట తనే మూతపడింది.
ఒక్కడే ఎక్కిన పెద్దాయన
కంగారులో రెండు టికెట్లు అడిగాడు.