పలక రెండోవైపు

మొదటిసారి ఆయన పేరు చెక్కింది మా నాన్న.
ఎవరిస్తో బస్కుఞాన్,
ఉప కార్యదర్శి, జలవనరుల శాఖ.
పలక వెనక్కొచ్చింది.
ఇంటిపేరులో ఎన్ అక్షరం నెత్తిన
ఉండాల్సిన చిన్న అల లేదట.
"నీళ్ళ దొరకి అల లేకపోతే ఎలాగే!" అని నవ్వి
గోరంత గీత వంపుగా గీశాడు నాన్న.
నాకప్పుడు పదకొండేళ్ళు.
ఇత్తడి రజను ఊదెయ్యడం నా వంతు.

శాంతియాగోలో మా కొట్టున్న సందు
రెండు మేడల మధ్య నలిగిన కాగితం.
ఇటు మంత్రిత్వ శాఖ, అటు కంపెనీలు,
నడుమ మేమూ, తాళంచెవులు చేసే రొసాముందా,
ఒంటిగంటకి వచ్చే ఎంపనాదాల బండీ.

నాలుగేళ్ళకి ఆయన వీధి దాటాడు.
ఏ కలంతో నీటి చట్టం రాశాడో
అదే కలం జేబులో పెట్టుకుని
ఆ చట్టానికి చిల్లులెక్కడున్నాయో చెప్పే
కొలువులో కుదురుకున్నాడు.
గోడ దూకాడని రాశాయి పత్రికలు.
గోడెక్కడుంది అక్కడ?
తెల్లచారలున్నాయి.
పచ్చదీపం వెలిగేదాకా నిలబడి మరీ దాటాడు,
నేను చూశాను.

మూడోసారికి నాన్న చేతులు వణుకుతున్నాయి,
ఉలి నాకొచ్చింది.
మంత్రిగారు స్వయంగా పాత పలక పట్టుకొచ్చి
"కొత్తదెందుకమ్మా, రెండోవైపు ఖాళీయేగా" అన్నారు.
పొదుపరి అని మెచ్చుకుంది టీవీ.
ఇటు తిప్పితే మంత్రి,
అటు తిప్పితే అవకాడో తోటల సలహాదారు.
రెండు ఆఫీసుల తాళాలూ ఒకే గుత్తికి వేయించుకున్నాడని
రొసాముంద ఒట్టేసి చెప్పింది.
నేను నమ్మలేదు. ఆమె గోరంతని కొండంత చేసే మనిషి.

తర్వాత బ్యాంకు. తర్వాత రాయబారి.
తర్వాత ఓడరేవో, మళ్ళీ మంత్రో,
వరస గుర్తులేదు, చిట్టా పుస్తకంలో ఉంటుంది.
నాన్న పోయినప్పుడు తెల్లపూలు పంపాడు.
బిల్లు ఏనాడూ ఆపలేదు.
ఆయన మారిన ప్రతిసారీ
మా అమ్మాయి ఫీజు కట్టాను.
ఇది కూడా చెప్పాలి.

కిల్‌పాన్ లోయలో మా వదిన ఒతీలియ
గిన్నెలు మూడు తొట్లలో కడుగుతుంది.
మూడో తొట్టి నీళ్ళు నిమ్మచెట్టుకి,
ఒక్కోసారి అవీ ఉండవు.
వాగు ఉండేచోట గులకరాళ్ళు.
ఆ పైన కొండ నిండా
నిగనిగలాడే అవకాడో పచ్చదనం.
మంగళవారం ట్యాంకరు.
ట్యాంకరుకి రిబ్బను కత్తిరించింది ఆయనే,
ట్యాంకర్ల కంపెనీకి తర్వాత అధ్యక్షుడూ ఆయనే.
ఆ ప్రారంభోత్సవ ఫలకమూ నా చెక్కుడే.
కంచే చేను మేసిందని తిడుతుంది వదిన.
నేనేమంటాను?
కంచెకి పేరు చెక్కి
కూలి తీసుకున్నదాన్ని.

పోయిన నెల ఒక రాత్రి
కొట్టు మూసే వేళకి వచ్చాడు.
కోటు లేదు, నెరిసిన జుట్టు వానకి తడిసి ఉంది.
ఎన్నికలింకా రెండు నెలలు.
"ఈసారి పదవి వద్దమ్మా, పేరు చాలు.
మేకులు కూడా వద్దు,
వెనకాల అయస్కాంతం పెట్టు."
ఏ తలుపుకైనా అతుక్కుంటుందా అని
రెండుసార్లు అడిగాడు.
ఇనుపదైతే చాలన్నాను.
బల్ల మీది అయస్కాంతపు బిళ్ళ తీసి
మా షట్టరుకే అంటించి చూసుకున్నాడు.
టక్కున పట్టుకుంది.
చంటిపిల్లాడిలా మురిసిపోయాడు.

తెల్లారి చెక్కాను.
అక్షరాలు లోతుగా, అంచులు నునుపుగా,
నాన్న నేర్పినట్టే.
ఎన్ దగ్గరికొచ్చేసరికి ఉలి ఆగింది.
బయట సందులో వాననీళ్ళు
ఎవరి పేరూ లేకుండా
కాలవలోకి పోతున్నాయి.
రజను ఊదేసి, గుడ్డతో తుడిచి,
అల లేకుండానే పంపేశాను.

మూడు వారాలైంది.
పలక ఇంకా వెనక్కి రాలేదు.