గడి లేని మార్కు

కేటా ఊరి బడిలో నాలుగో తరగతి, వెనక బెంచీ.
పిల్లల కొలతకి చేసింది,
నా మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.
ఒడిలో పరిశీలన పత్రం, పదిహేడు గడులు:
పాఠ్య ప్రణాళిక, నల్లబల్ల వాడకం, గొంతు, దుస్తులు...
కిటికీ అవతల సముద్రం
బడి ప్రహరీని ఏటా ఓ మూర తింటోంది.

ఎడెమ్ వాళ్లింట తాతా మేనమామా డోలు వాయించినవాళ్లే.
వాడి అరచేతులు చూస్తే
తెడ్డేసే కుర్రాడనుకుంటారు.
పోయిన సోమవారం, మొదటి పాఠం,
ఎంత బాగా వాయించాడంటే
అరవై మంది పిల్లలు నోళ్లు తెరిచి
చప్పట్లు మరిచిపోయారు.
పక్క గది లెక్కల మాస్టారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.
పీరియడ్ అయ్యాక రాశాను:
వాయిద్యం, పదికి పది.
పాఠం, సున్నా.

కోపమొచ్చింది వాడికి. రావాలి.
"అరాబా మేడమ్, ఎక్కడైనా తప్పు వాయించానా?"
లేదు నాయనా. వంట అమృతం.
అరవై కంచాలు ముందు పెట్టుకుని
నువ్వొక్కడివే తిన్నావు.

విన్నెబా కాలేజీలో అందరిదీ ఇదే తంటా.
ఉత్తరాది నుంచి వచ్చిన నైందో
నడుం తిప్పితే గాలి దారి తప్పుతుంది.
ఆ తిప్పడాన్ని పాఠంగా రాయమన్నాను.
మొదటి మెట్టు: కుడికాలు వెయ్యాలి.
రెండో మెట్టు దగ్గర నాలుగు కాగితాలు చింపాడు.
రాత్రి హాస్టల్ వరండాలో అద్దం ముందు నిలబడి
తన నడుముని తనే అడుగుతున్నాడు,
అసలు నువ్వేం చేస్తున్నావు?
నడక వచ్చిన మర్నాడే
పడ్డ దెబ్బలు మరిచిపోతాం కదా,
వాటిని గుర్తు చేయడానికే నాలుగేళ్ల చదువు పెట్టారు.

నా సంగతీ చెప్పాలి.
ఒకటీ రెండూ మూడూ అంటూ బల్ల మీద కర్రతో కొట్టి
ఇరవై ఏళ్లలో ఎన్ని పాటల్ని చంపానో.
నా దగ్గర చదివినవాళ్లు లెక్క తప్పరు.
పెళ్లిళ్లలో మాత్రం గోడకి ఆనుకుని నిలబడతారు.

ఇవాళ ఎడెమ్ డోలు తేలేదు.
ఇనప జంట గంట ఒక్కటే,
పెద్ద మూతి తల్లి, చిన్న మూతి బిడ్డ.
రెండుసార్లు మోగించి
ఎప్పుడూ చప్పట్లు కొట్టని పిల్ల చేతికిచ్చాడు.
సెనామ్. ముక్కు తుడుచుకుంటూ లేచింది.
కొట్టింది. తప్పింది.
మళ్లీ. మళ్లీ తప్పింది. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.
మూడోసారి గంట చేజారి
నేల మీద ఖంగుమంది.

నా వేళ్లు బెంచీ అంచుని పట్టుకున్నాయి.
ఇప్పుడు లాక్కుంటాడు. ఇప్పుడు చూపిస్తాడు.
తొడల మీద ఆ అరచేతులు కొట్టుకుంటున్నాయి,
జవాబు తెలిసిన చేతులు మరి.
లాక్కోలేదు.
తాళం ఉగ్గుపాలతో వచ్చినవాడు
తాళడం నేర్చుకుంటున్నాడు, నా కళ్లెదుట, చెమటలు కక్కుతూ.
వంగి, గంట తీసి, ఇసక దులిపి
తిరిగి ఆ పిల్లకే ఇచ్చాడు.
సముద్రం మూడుసార్లు వచ్చి వెళ్లింది.

ముందు సెనామ్ మడమ కదిలింది.
తర్వాత భుజాలు.
అన్నిటికన్నా చివర, చెయ్యి.
తల్లి ఒక మాట, బిడ్డ గబగబా కొన్ని మాటలు,
రెండో బెంచీ అందుకుంది, ఐదో బెంచీ,
కిసుక్కుమన్నవాడి భుజాలు కూడా.

పదిహేడు గడులూ వెతికాను.
ఆగినందుకు మార్కులేసే గడి లేదు.
'తరగతి క్రమశిక్షణ' దగ్గర పెన్ను నిలిచిపోయింది,
ఒక్కడూ బెంచీ మీద లేడు.
అంచున చిన్న అక్షరాలతో ఏదో రాశాను.
ఆఫీసులో సంతకం తప్ప ఏదీ చదవరు.

బడిగంట వంతు ఇవాళ సెనామ్‌దట.
వేపకొమ్మకి వేలాడే పాత లారీ చక్రం రిమ్ము ముందు
మునివేళ్ల మీద నిలబడింది.
రోజూ మూడు దెబ్బలు.
ఇవాళ ఏడు, మధ్య మధ్య విరుపులతో.
హెడ్మాస్టరు గదిలోంచి "ఎవరది!" అని అరిచాడు,
అరుస్తూనే మెట్లు దిగాడు.
ఏ దెబ్బకి ఏ కాలు వేశాడో
నేను చూశాను.
రాయలేదు.