తలకట్టు

ఇరవై కాగితాలు కావాలి.
పదిహేడు ఉన్నాయి.
అందులో నాలుగు నాకే నచ్చవు,
రెండింటి మీద పప్పు మరకలు.

గోవన్‌లో మా కిటికీకి
నాలుగింటికే చీకటి పడుతుంది.
బొగ్గుతో గీయడానికి గ్లాస్గోని మించిన ఊరు లేదంటుంది ఐలా,
మంగళవారం సాయంత్రాలు మాకు పాఠం చెప్పే మనిషి.
ఆకాశం కూడా బొగ్గే కదా అంటుంది,
ఎవరో రుద్ది, చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు, అంతే.

మొదటి వారం ఒక కుర్చీ తెచ్చి పెట్టింది.
కుర్చీని గీయొద్దంది.
కాళ్ళ మధ్య ఖాళీ ఉంది చూడు, అది గీయమంది.
గంటన్నర ఆ ఖాళీ కేసి చూశాను
బాకీ వసూలుకొచ్చిన మనిషిలా.
చివరికి కాగితం మీద
ఒక ముక్కాలిపీట తేలింది.

మూడో వారం నా భుజం మీంచి వంగి అడిగింది:
ప్రతి గీత చివరా ఈ చిన్న టిక్కు దేనికి?
నీ లెక్కలు నువ్వే దిద్దుకుంటున్నావా?
చూశాను. నిజమే.
కెటిల్ మూతికి ఒకటి,
బూటు మడమకి ఒకటి,
బట్టల్లేకుండా కూర్చున్న మోడల్ మోకాలికి కూడా ఒకటి.
తలకట్లు.
ఐదేళ్ళప్పుడు పలక మీద పడ్డ పట్టు
ముప్ఫై నాలుగేళ్ళకి కూడా వదల్లేదు.
దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలీక
అలవాటు, అన్నాను.
మానుకో అంది. మెత్తగానే అంది.

రాత్రిళ్ళు కేర్ హోమ్‌లో డ్యూటీ.
పన్నెండో నంబరు గదిలో మిస్టర్ అబర్‌నెతీకి నిద్ర పట్టదు.
తొంభై ఒకటి.
క్లైడ్ ఒడ్డున, ఓడల డ్రాయింగ్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు.
నా పెన్సిల్ చూసి మొహం చిట్లించాడు.
షార్పనరా? అన్నాడు, బూతుమాట విన్నట్టు.
రూలు ప్రకారం నేనివ్వకూడని చాకు ఇచ్చాను.
అంగుళం పొడవు మొన తీశాడు.
అంతసేపూ వణకని చెయ్యి
చాకు కింద పెట్టగానే మళ్ళీ వణికింది.

ఓడ గీసేటప్పుడు సముద్రాన్ని ఎలా గీసేవారు? అడిగాను.
గీయం, అన్నాడు.
ఒక్క గీత. నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయి అని.
మిగతాది ఓడ చూసుకోవాలి.

పద్దెనిమిదో కాగితం ఆ చెయ్యి.
పంతొమ్మిది, ఆ చేతికీ టీకప్పుకీ మధ్య ఖాళీ.
ఇరవయ్యోది గీశాను, చించాను, గీశాను.
రూమ్మేట్ ఫర్జానా నిద్రకళ్ళతో వచ్చి
ఏంటీ బొమ్మ అంది.
మన సింకు.
మన సింకు ఇంత బావుంటుందా! అని
ఆ క్షణమే గిన్నెలు తోమడం మొదలెట్టింది,
నా స్టిల్ లైఫ్ మొత్తం.

బొగ్గు రాలకుండా కొట్టే స్ప్రేకి డబ్బుల్లేవు.
హెయిర్ స్ప్రే కొట్టాను.
గదంతా పెళ్ళికి బయల్దేరిన వాసన.

ఇంటర్వ్యూలో, ఇప్పుడెందుకు? అని అడుగుతారట.
అద్దం ముందు జవాబులు వల్లించాను.
ఒకటి మరీ వినయంగా ఉంది.
ఒకటి బ్యాంకులో లోన్ అడుగుతున్నట్టుంది.
అసలు జవాబు చిన్నది,
పైకి చెప్పడానికి సిగ్గుపడేంత:
చూస్తున్నంతసేపూ నాకు ఆకలి వెయ్యదు.

ఈ పొద్దున గార్నెట్‌హిల్ ఎక్కుతుంటే
నాలో సగం ఎత్తున్న నల్ల ఫోల్డర్ని గాలి పట్టుకుంది.
రెండడుగులు పైకి, ఒకటి రోడ్డు మీదికి.
బస్టాపులో ఎవరో పెద్దాయన
సిగరెట్టు నోట్లోంచి తీసి
తెరచాప దించమ్మా! అని అరిచాడు.
దించలేదు.

చెప్పడం మర్చిపోయాను.
స్ప్రే కొట్టేముందు
బ్రెడ్డుముద్దతో తలకట్లన్నీ తుడిచేశాను.
ఆ ముసలి చేతి బొమ్మలో,
చిటికెన వేలి చివర మాత్రం
ఒకటి వదిలేశాను.

ఇదేంటని వాళ్ళు అడిగితే
నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయి
అని చెప్తాను.