శుక్రవారం, రెండు దాటాక

పొద్దున్న తొమ్మిదింటికే
వ్యానులోకి ఎక్కించేశాం అంతా.
పరుపు, కెటిల్, పద్దెనిమిది అట్టపెట్టెలు.
కలబంద కుండీ మాత్రం నా ఒళ్లో.
గంటకి నలభై పౌన్లు.
డ్రైవర్ డెర్మట్ సీటు వెనక్కి వాల్చి
నా డబ్బుల మీద గుర్రు పెడుతున్నాడు.

గ్రిమ్స్‌బీ చేపల రేవు పక్కన
వాన పడీ పడనట్టు పడుతోంది.
లాయరమ్మ ఫోన్లో అంది: డబ్బు బయల్దేరింది.
ఎక్కడిదాకా వచ్చిందంటే చెప్పదు.
ఇరవై రెండేళ్లు హాడక్ చేపలకి ముళ్లు తీసి
కూడబెట్టింది,
అమ్మ పోయాక చేతికొచ్చిన కాస్తా,
నాకు డెబ్బై వచ్చేదాకా తీర్చాల్సిన అప్పూ,
అన్నీ ఒకే తీగలో దూరి
ఎక్కడో ఇరుక్కున్నాయి.

నేను కొనే ఇంటాయన ఇంకో ఇల్లు కొంటున్నాడు.
ఆ ఇంటావిడ మరోటి.
ఆవిడకి అమ్మేది లింకన్‌లో ఎవరో పళ్ల డాక్టరు,
ఆయన భోజనానికి వెళ్లాడట.
ఆయన శాండ్‌విచ్ నమిలి మింగేదాకా
మూడు కొంపలు రోడ్డు మీదే.

రెండూ పదికి మోగింది.
"కంప్లీట్ అయింది" అంది లాయరమ్మ
కొట్లో చిల్లర లెక్క చెప్పినట్టు.
నేను "సారీ" అన్నాను.
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

ఏజెంటు ఆఫీసులో కుర్రాడు
ఇంకా మొటిమలు మానని ముఖం, బిగుతు టై,
గోధుమరంగు కవరు జరిపి
ఇక్కడ సంతకం అన్నాడు.
పదకొండు అద్దె కొంపల అలవాటు కదా,
నా నోరు నాకన్నా ముందు అడిగేసింది:
"మళ్లీ ఎప్పుడు తిరిగివ్వాలి?"
వాడు పకపకా నవ్వాడు, జోకనుకుని.
నేనూ నవ్వాను, వాడు నవ్వాడని.
మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు
ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

కవర్లో ఏడు తాళంచెవులు.
వీధి తలుపుకి రెండే పట్టాయి.
ఎదురింటి పరదా ఒక వేలంత కదిలింది.
చెక్క వానకి ఉబ్బిపోయి రానంటే
భుజం పెట్టి తోశాను,
చేపల తొట్టెలు తోసే భుజమే.

లోపల చల్లగా, పాత తివాచీ వాసన.
సోఫా ఉండేచోట తివాచీ ఇంకా కొత్తగా ఉంది.
పొయ్యి మీద కాగితం, పెద్దపెద్ద అక్షరాల్లో:
"బాయిలర్‌కి కోపమొస్తే ఎడమవైపు తట్టండి.
చెత్తబండి మంగళవారం.
మేడ మీద వెనక గదిలో పొద్దున ఎండ బావుంటుంది,
మా ఆవిడ అక్కడే ఉండేది.
మిగతా తాళంచెవులు దేనివో నాకూ తెలీదు.
నేను వచ్చినప్పటికే ఉన్నాయి.
ఇట్లు, విల్ఫ్రెడ్ బ్లాంచర్డ్."

కోటు జేబులో మేకు ఉంది.
పొద్దుటినుంచీ అది తొడకి గుచ్చుకుంటూనే ఉంది.
ఫ్రీమన్ వీధి గదిలో నాలుగు మేకు రంధ్రాలకి
అరవై పౌన్లు కోసుకున్నాడు ఒకడు.
ఇంకోడు గోడకి క్యాలెండర్ అంటించినందుకు
ఉత్తరం రాశాడు, రిజిస్టర్ పోస్టులో.

సుత్తి వ్యానులో పరుపు కింద ఉంది.
చెప్పు విప్పి మడమతో కొట్టాను.
ఒకటి.
రెండు.
మూడో దెబ్బకి అరచేయంత సున్నం
ధడేలున రాలి పాదాల మీద పడింది.
గుండె ఆగినంత పనైంది.
చెవులు రిక్కించి నిలబడ్డాను,
మెట్ల మీద ఎవరి అడుగులైనా వినిపిస్తాయేమోనని.

ఫ్రిజ్ కూడా లేని ఇల్లు,
ఏ చప్పుడూ లేదు.

మేకు వంకరగా దిగింది.
అయినా ఏడూ తగిలిస్తే మోసింది,
దేనివో తెలీని ఐదింటితో సహా.

డెర్మట్ మంచం పట్టె భుజానేసుకుని
గుమ్మంలో నిలబడ్డాడు, ఎర్రబడ్డ మొహంతో.
"ఎక్కడ వెయ్యమంటావ్?"
ఇన్నాళ్లూ నేను వెళ్లేసరికే
గదుల్లో మంచాలు వేసి ఉండేవి.
సున్నం దులుపుకుంటూ అలాగే చూస్తున్నాను.
అతను రెండోసారి అడిగాడు.